ఒలాంజపిన్‌తో బరువు పెరిగిన తమ్ముణ్ణి నడిపించడం ఎలా?

ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడికి 24 ఏళ్ళు. నిరుడు స్కిజోఫ్రీనియా (లేనిపోని అనుమానాలు, లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు) అని తేలింది. ఎనిమిది నెలలుగా రాత్రి పదకొండింటికి ఒలాంజపిన్, దానితోపాటు ఒళ్ళు బిగుసుకోకుండా ట్రైహెక్సీఫెనిడిల్ వేసుకుంటున్నాడు. మనిషి కుదుటపడ్డాడు గాని 58 కిలోలవాడు 71 కిలోలయ్యాడు. నాన్నగారు రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేపి కాలువ గట్టు మీద పరుగెత్తించాలని చూస్తున్నారు. వాడు లేవడు. ఇద్దరికీ రోజూ గొడవ. ఈమధ్య 'ఈ బిళ్ళలు మానేస్తే సన్నబడతాను' అంటున్నాడు. ఏ వ్యాయామం చేయించాలి?"

అమ్మా, వ్యాయామం సంగతికి వచ్చేముందు మీ తమ్ముడు అన్న ఆ చివరి మాట గురించి చెప్పాలి. అతను ఆ మాట పైకి అన్నాడు, అది మీ అదృష్టం. చాలామంది అనరు. బిళ్ళ వేసుకున్నట్టే వేసుకుని పెరట్లోకి వెళ్ళి ఉమ్మేస్తారు. ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి జబ్బు తిరగబెట్టి ఉంటుంది. ఒలాంజపిన్‌ను ఉన్నట్టుండి ఆపితే ముందు నిద్ర చెదురుతుంది. ఆ తర్వాత వారాల్లోనో నెలల్లోనో పాత అనుమానాలు, వినిపించే గొంతులు మళ్ళీ రావచ్చు. అందుకని అతని మీద కోప్పడకండి. "నువ్వన్నది నిజమే, ఈ మందు వల్లే ఒళ్ళు చేశావు. ఆ మాట డాక్టరుగారికి నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటాను" అనండి. తన బాధ నిజమని ఒప్పుకున్న మనిషి మాటనే అతను తర్వాత వింటాడు. డాక్టరు చెప్పేవరకు ఒక్క బిళ్ళ కూడా తగ్గకూడదు.

నేను అమలాపురంలో ఫిజియోథెరపిస్టుగా 19 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. అందులో 11 ఏళ్ళుగా వారానికి రెండు రోజులు ఒక మానసిక వైద్యుని క్లినిక్‌లో కూర్చుంటున్నాను. మోకాలి నొప్పితో వచ్చినవారికి వ్యాయామం నేర్పడం, ఈ మందులు వాడేవారికి నేర్పడం రెండూ ఒకటే అనుకుని మొదట్లో చాలా పొరపాట్లు చేశాను. మీకు చెప్పబోయేది ఆ పొరపాట్ల నుంచి నేర్చుకున్నదే.

మీ తమ్ముడు తిండిపోతు కాలేదు. మన మెదడులో హైపోథాలమస్ అనే చోట ఆకలిని, తృప్తిని నడిపే ఏర్పాటు ఉంది. "ఇక చాలు" అనే కబురును అక్కడికి చేరవేయడంలో హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలకు పాత్ర ఉంది. ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఆ కబురు అందుకునే తలుపుల్లో కొన్నిటిని మూసేస్తాయి. కంచం ఖాళీ అయినా కడుపు నిండినట్టు అనిపించదు. రాత్రి పన్నెండింటికి లేచి కుండలో మిగిలిన అన్నం తింటున్నాడని ఎందరు తల్లులు నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నారో. అది దొంగతనం కాదు, ఆగని ఆకలి. బరువు పెంచడంలో ఈ రెండు మందులు అన్నిటికంటే ముందుంటాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ మధ్యలో ఉంటాయి. అరిపిప్రజోల్, హాలోపెరిడాల్ తక్కువ పెంచుతాయి. మూడ్ ఎగుడుదిగుళ్ళకు ఇచ్చే మందుల్లో వాల్‌ప్రోయేట్, లిథియం, డిప్రెషన్ మందుల్లో మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ కూడా బరువు పెంచుతాయి. అన్నిటికంటే వేగంగా పెరిగేది మొదటి మూడు నెలల్లోనే. మొదటి నెలలోనే 5 శాతం, అంటే మీ తమ్ముడి లెక్కలో సుమారు 3 కిలోలు పెరిగితే, అప్పుడే డాక్టరు చెవిన వేయాలి. మీకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఇది చదువుతున్నవారిలో కొత్తగా మందు మొదలైన ఇంటివాళ్ళు ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలని నా మనవి.

ఇప్పుడు తెల్లవారుజాము అయిదింటి గొడవ. ఒలాంజపిన్ బిళ్ళ మింగిన తర్వాత సుమారు ఆరు గంటలకు రక్తంలో దాని పాళ్ళు అన్నిటికంటే ఎక్కువ స్థాయికి చేరతాయి. రాత్రి పదకొండింటికి మింగితే లెక్క కట్టండి, సరిగ్గా తెల్లవారి అయిదవుతుంది. నాన్నగారు ఏ గంటలో లేపుతున్నారో ఆ గంటలోనే మందు అతన్ని గట్టిగా పట్టుకుని ఉంది. లేవలేకపోవడం అతని తప్పు కాదు. బలవంతంగా లేపితే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగవచ్చు. చీకట్లో కాలువ గట్టు మీద అలా జరిగితే? ఆ మాట తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది. రెండు పనులు చేయండి. రాత్రి మాత్రను పదకొండుకు బదులు ఎనిమిది, ఎనిమిదిన్నరకు వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగండి. చాలామందిలో ఈ చిన్న మార్పుతోనే పొద్దుటి మత్తు కొంత తేలికవుతుంది. ఇక వ్యాయామాన్ని సాయంత్రానికి మార్చండి. సాయంత్రం అయిదు, అయిదున్నరకు అతని ఒళ్ళు అతని చేతిలో ఉంటుంది.

మరొకటి కూడా నాన్నగారికి తెలియాలి. స్కిజోఫ్రీనియాలో అనుమానాలు, గొంతులు తగ్గాక కూడా ఉత్సాహం లేకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, నలుగురిలోకి వెళ్ళాలనిపించకపోవడం మిగిలిపోతాయి. అవి జబ్బులో భాగం. బయటినుంచి చూసేవారికి బద్ధకంలా కనిపిస్తాయి. "వెళ్ళి నడిచిరా" అని చెబితే ఈ జబ్బున్న మనిషి వెళ్ళలేడు. నడవడానికి కాళ్ళు ఉన్నాయి గాని, గుమ్మం దాటించే ఆ మొదటి తోపు లోపలినుంచి రావడం లేదు. ఆ తోపు ఇంకొకరు ఇవ్వాలి. నా అనుభవంలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మాట ఇదే: పంపకండి, వెంట వెళ్ళండి. ఏ వ్యాయామం, ఎన్ని నిమిషాలు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. తోడు నడిచే మనిషి ఉన్న ఇంట్లో ఆరు నెలల తర్వాత కూడా నడక సాగుతోంది. డబ్బు కట్టి జిమ్‌లో చేర్పించి ఊరుకున్న ఇంట్లో మూడో వారానికి ఆగిపోతోంది.

వ్యాయామం ఎంత చేస్తుందో, ఎంత చేయదో నిజం చెబుతాను. 70 కిలోల మనిషి అరగంట ఓ మోస్తరు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 ఉంటాయి. కేవలం నడకతో 13 కిలోలు దించుదామనుకుంటే నెల తిరిగేసరికి నిరాశ పడతారు, అతను మరీ పడతాడు. అయినా నడక కావాలనే అంటాను. బరువు ముల్లు కదలకముందే నడుము చుట్టుకొలత తగ్గుతుంది, రక్తంలో చక్కెర అదుపులోకి వస్తుంది, మలబద్ధకం తేలికవుతుంది, నిద్ర కుదురుతుంది, దిగులు తగ్గుతుంది. ఈ జబ్బున్నవారికి గుండె జబ్బు, మధుమేహం ముప్పు మామూలువారికంటే ఎక్కువ. ఆ ముప్పు మీద నడక పనిచేస్తుంది. తిండి మార్పు కూడా కలిస్తే బరువు మీద కూడా పనిచేస్తుంది. అమెరికాలో తీవ్ర మానసిక వ్యాధులున్న 291 మందితో చేసిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. ఒక జట్టుకు 18 నెలలపాటు ఆహారం గురించి శిక్షణ, అందరూ కలిసి చేసే వ్యాయామం ఇచ్చారు. చివరికి ఆ జట్టు రెండో జట్టుకంటే సగటున 3.2 కిలోలు తక్కువ తూగింది. చిన్న అంకెలా కనిపిస్తుంది. మందులు వాడుతూనే సాధించినది కాబట్టి నా లెక్కలో అది పెద్దదే. ఏడాదిన్నర పట్టిందన్న సంగతి కూడా మరచిపోవద్దు.

ఇక ఎలా మొదలుపెట్టాలి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు. అంతకంటే వద్దు, అతను ఉత్సాహపడినా వద్దు. ఇంటి నుంచి గట్టు మీదుగా లాకుల వరకు అయిదు నిమిషాలు, తిరిగి అయిదు నిమిషాలు అనుకోండి. రోజూ అదే వేళ, అదే దారి. మందు మత్తులో ఉన్న మనసుకు "ఈ రోజు ఎక్కడికి వెళదాం" అన్న ప్రశ్న కూడా బరువే, ఆ నిర్ణయం ముందే అయిపోయి ఉండాలి. చెప్పులు గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు కాళ్ళు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడమనండి. దారిలో మాట్లాడితే మాట్లాడండి, లేకపోతే ఊరుకోండి. బరువు ప్రస్తావన, ఉద్యోగం ప్రస్తావన, పెళ్ళి ప్రస్తావన నడకలో తీసుకురావద్దు. రాను అన్న రోజున గేటు దాకా రమ్మనండి, అక్కడినుంచి వెనక్కి వచ్చేసినా ఆ రోజు నడిచినట్టే లెక్కవేయండి.

రెండో వారం నుంచి వారానికో అయిదు నిమిషాలు పెంచండి. అయిదో వారానికి అరగంట అవుతుంది. వారంలో అయిదు రోజులు అరగంట నడిస్తే 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కనీస లెక్క అదే. వేగం ఎంత ఉండాలని అడుగుతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ మాత్రం చాలు. చేతి గడియారంలో గుండె వేగం చూసి లెక్కవేయవద్దు. ముఖ్యంగా క్లోజపిన్ వాడేవారిలో కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆరేళ్ళ క్రితం ఒక లంక గ్రామం నుంచి ఇంచుమించు మీ తమ్ముడి వయసువాడే వచ్చేవాడు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాడు. గదిలో ఉన్న అందరి ముందూ త్రాసు మీద నిలబెట్టి మెచ్చుకున్నాను. అతని ముఖం వెలిగిపోయింది. ఇంకా తగ్గాలని, ఇంకా మెప్పు పొందాలని ఇంటికి వెళ్ళి మాత్రను సగం చేశాడు, తర్వాత రోజు విడిచి రోజు వేసుకున్నాడు. సంక్రాంతి వారంలో ఊరంతా పండుగలో ఉంటే అతను ఆసుపత్రిలో ఉన్నాడు. మందు మానమని నేను అనలేదు, కానీ ముల్లు దిగడమే గొప్ప అని అతనికి నేర్పింది నేనే. అప్పటినుంచి నేను కిలోలను మెచ్చుకోను. "ఈ వారం అయిదు రోజులు వచ్చావు" అంటాను. మీరు కూడా అంతే అనండి. బరువు వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే త్రాసు మీద చూసి పుస్తకంలో రాయండి. నడుము కొలత నెలకోసారి టేపుతో చూడండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ముప్పు మొదలైనట్టు. మీ తమ్ముడిలో మొదట కదిలేది ఈ టేపే అని నా నమ్మకం.

నెల గడిచాక వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పండి. దీనికి పరికరాలు అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి పదిసార్లు తోయడం, రెండు చేతులతో నీళ్ళ బకెట్లు పెరడు చివరికి మోయడం. మీకు కొబ్బరిచెట్లు ఉంటే ఇంకా మంచిది. దింపు తీయించిన రోజున రాలిన కాయలు ఏరి గట్టున పోగు పెట్టే పని అతనికి అప్పగించండి. వంగడం, ఎత్తడం, మోయడం, నడవడం అన్నీ అందులోనే ఉన్నాయి. పైగా చివర్లో కళ్ళెదుట కుప్ప కనిపిస్తుంది. ఎన్నో నెలలుగా ఇంట్లో "నీ వల్ల ఏమీ కాదు" అన్న చూపులు చూసిన కుర్రవాడికి ఆ కుప్ప ఎంత మేలు చేస్తుందో నేను చూశాను. చెట్టు మాత్రం ఎక్కనివ్వవద్దు. గునపం మీద కాయలు ఒలిచే పని కూడా ఇప్పుడే వద్దు. కళ్ళు తిరగడం, చెయ్యి మందగించడం ఈ మందులతో ఉండేవే. పూర్వం వాలీబాల్ ఆడేవాడైతే మూడు నాలుగు నెలల తర్వాత బడి మైదానం వైపు నడక మళ్ళించండి. ఆడమని అడగవద్దు, గట్టున కూర్చుని చూడనివ్వండి.

మన డెల్టాలో ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన జాగ్రత్త ఎండ, ఉక్కపోత. సముద్రం దగ్గర గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దీనికి తోడు మీ తమ్ముడు వాడుతున్న ట్రైహెక్సీఫెనిడిల్ చెమటనే తగ్గిస్తుంది. ఒలాంజపిన్ వంటి మందులు శరీరం వేడిని సర్దుకునే శక్తిని కొంత దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే వడదెబ్బకు దారి సులువు. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరున్నర దాటాకే బయటికి తీసుకువెళ్ళండి, లేకపోతే ఆ రెండు వారాలు ఇంట్లో ఫ్యాను కింద అటూ ఇటూ నడవనివ్వండి. ఒళ్ళు కాలుతూ చెమట పట్టకపోయినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి తడిగుడ్డతో తుడుస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ ట్రైహెక్సీఫెనిడిల్ ఇంకా అవసరమేనా అని కూడా డాక్టరుగారిని అడగండి. అందరికీ ఎల్లకాలం అక్కర్లేదు. ఇదే కోవకు చెందిన క్లోర్‌ప్రోమజీన్ వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, వారికి నిండు చేతుల చొక్కా ఉండాలి.

లిథియం వాడేవారు ఇది చదువుతుంటే మరింత జాగ్రత్తగా వినండి. చెమట ఎక్కువ పట్టి నీళ్ళు తక్కువ తాగితే రక్తంలో లిథియం పాళ్ళు ప్రమాదకరంగా పెరుగుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే అది ఎండ నీరసమని ఇంట్లో పడుకోబెట్టవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. బరువు తగ్గాలని ఉప్పు మానేయడం కూడా వీరికి ప్రమాదమే. ఇంకో సంగతి, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు ఒళ్ళు నొప్పులు వస్తాయి, మందుల దుకాణంలో ఏదో నొప్పి బిళ్ళ కొని వేసుకుంటారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లిథియం పాళ్ళను పెంచుతాయి. నొప్పి బిళ్ళ కూడా డాక్టరును అడిగే వేసుకోవాలి.

నీళ్ళ దగ్గర జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. చిన్నప్పటినుంచి కాలువలో ఈదినవాడే అయినా ఇప్పుడు కాలువలోకి, చెరువులోకి ఒంటరిగా దిగనివ్వవద్దు. మత్తు ఉంటుంది, కొన్ని మందులతో, ముఖ్యంగా క్లోజపిన్‌తో ఫిట్స్ వచ్చే అవకాశమూ ఉంటుంది. మనసు బాగా కుంగిన రోజుల్లో ఏటిగట్టు వైపు ఒక్కణ్ణీ పంపవద్దు. చనిపోవాలన్న మాట నోట వస్తే నడక, బరువు అన్నీ పక్కన పెట్టి అతన్ని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వానాకాలంలో గట్టు జారుతుంది, చీకటిపడితే పాములు తిరుగుతాయి. ఆ రోజుల్లో డాబా మీదో, ఊళ్ళో తుఫాను షెల్టర్ ఉంటే దాని వరండాలోనో నడవండి. నాలుగు రోజులు ముసురు పట్టిందని నడక ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టడం మొదటిసారికంటే కష్టం.

"మావాడు రోజంతా గదిలో తిరుగుతూనే ఉంటాడు, ఇంకా నడకెందుకు" అని కొందరు తండ్రులు అడుగుతారు. కూర్చుంటే కూర్చోలేక, నిలబడితే నిలబడలేక, కాళ్ళలో ఏదో పీకుతున్నట్టు తిరగడం మందు తెచ్చిన బాధ, దాన్ని అకథీసియా అంటారు. అది వ్యాయామం కాదు, తట్టుకోలేని యాతన. వెంటనే డాక్టరుకు చెప్పాలి. అలాగే అడుగులు చిన్నవై, చేతులు ఊగకుండా బిగుసుకుని నడుస్తుంటే అది కూడా మందు ప్రభావం కావచ్చు. డాక్టరు సరిచేసేలోగా చప్పట్ల తాళానికో, ఫోనులో పాటకో అడుగు కలపమంటే నడక కొంత సాఫీ అవుతుంది. గుండెలో నొప్పి, మామూలు నడకకే ఆయాసం, జ్వరం వస్తే నడక ఆపి చూపించాలి. క్లోజపిన్ మొదలైన తొలి వారాల్లో ఈ లక్షణాలను ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు.

తిండి గురించి క్లుప్తంగా. మూడు పూటలా కొత్త బియ్యపు తెల్లన్నం తినే సీమ మనది, అన్నం మానమంటే ఎవరూ వినరు, నేను మానమనను కూడా. ముందు చూడవలసింది అతను ఏం తాగుతున్నాడన్నది. ఈ మందులతో నోరు పిడచకట్టుకుపోతుంది, దాహమని కూల్‌డ్రింకు సీసాలు ఖాళీ చేస్తారు. 600 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 60 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు గంట నడక ఒక్క సీసాతో పోతుంది. వాటి స్థానంలో పలుచటి మజ్జిగ, చల్లని నీళ్ళు అందుబాటులో ఉంచండి. నా చూపులో ఈ ఒక్క మార్పే మొదటి నెలలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. తర్వాత కంచంలో కూర, పప్పు ముందు వడ్డించి అన్నం తర్వాత వడ్డించండి. రాత్రి ఆకలి వేస్తుందని ముందే తెలుసు కాబట్టి ఉడకబెట్టిన శనగలో, గుడ్డో, జామకాయో ఎదురుగా పెట్టి ఉంచండి. పూతరేకులు, సున్నుండలు డబ్బాల్లో దాచి తాళాలు వేయడం మాత్రం వద్దు. తాళం వేసిన ఇంట్లో ఆ కుర్రవాడికి ఆకలి పెరుగుతుంది, అవమానం కూడా పెరుగుతుంది.

బయట ఎదురయ్యేవారి సంగతి మీరు అడగలేదు గాని, నడక ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో అదొకటి. "ఏమిటి, బాగా లావెక్కావు" అని సెంటర్‌లో ఒకరు అంటారు. అన్నవారు మరచిపోతారు, ఇతను పది రోజులు గది తలుపు తీయడు. మొదటి రెండు నెలలు సెంటరు వైపు వెళ్ళకుండా చేల మధ్య పుంతదారి పట్టండి. ఎవరైనా అంటే ఏం చెప్పాలో ముందే ఇద్దరూ అనుకోండి. "మందులు వాడుతున్నాను, తగ్గుతుంది" అంటే చాలు. ఇదే మందులు వాడే ఆడపిల్లలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఊళ్ళో ఆడమనిషి పని లేకుండా నడిస్తే పదిమంది కళ్ళూ అటే. నా దగ్గరికి వచ్చే ఒక చెల్లెలు తల్లితో కలిసి ఊరి శివాలయంలో ప్రదక్షిణలు మొదలుపెట్టింది. పదకొండుతో మొదలై ఇప్పుడు అరగంట తిరుగుతోంది. ఎవరూ ఏమీ అడగరు, లెక్క ఉంటుంది, చల్లని బండల మీద నీడలో నడక. నేను నేర్పినదానికంటే ఆమె కనిపెట్టిందే మేలైనది.

వచ్చేసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు బరువు, నడుము కొలత రాసిన పుస్తకం తీసుకువెళ్ళండి. పరగడుపు షుగరు, కొవ్వు పరీక్ష, బీపీ చూశారా అని అడగండి. మందు మొదలుపెట్టే ముందు, మూడు నెలలకు, ఆపై కనీసం ఏడాదికోసారి ఇవి చూడాలి. బీపీ, షుగరు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు. లిథియం వాడేవారికి థైరాయిడ్ పరీక్ష కూడా ఉండాలి, కొందరిలో బరువుకు కారణం అక్కడే దొరుకుతుంది. 13 కిలోలు చిన్న పెరుగుదల కాదు కాబట్టి మందు మార్చే వీలుందా, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఇవ్వవచ్చా అని మొహమాటం లేకుండా అడగండి. చైనాలో మందులతో బరువు పెరిగిన 128 మంది స్కిజోఫ్రీనియా రోగులను 12 వారాలు గమనించిన పరిశోధన ఒకటి 2008లో వెలువడింది. ఏ సాయమూ అందనివారి బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) ఇంకా 1.2 పెరిగింది. తిండి, వ్యాయామం మార్చుకున్నవారికి 0.5 తగ్గింది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవారికి 1.2 తగ్గింది, రెండూ కలిసినవారికి 1.8 తగ్గింది. మందు సాయం తీసుకోవడం ఓటమి కాదని, నడక ఉంటే ఆ మందు ఇంకా బాగా పనిచేస్తుందని మీ తమ్ముడికి ఈ అంకెలతోనే చెప్పండి. అతను చదువుకున్న కుర్రవాడైతే అంకెలను గౌరవిస్తాడు. మార్పు ఏదైనా డాక్టరే చేయాలి. ఒకరికి కుదిరిన మందు ఇంకొకరికి కుదరదు, చిన్న వయసులో మొదటిసారి కుదుటపడిన మనిషి విషయంలో తొందరపడరు.

నాన్నగారిని దూరం పెట్టవద్దు. ఆయన కోపం వెనక ఉన్నది భయమే, కొడుకు పాడైపోతున్నాడన్న భయం. తెల్లవారి లేపే పని ఆయన మానేస్తే ఇంకో పని ఇవ్వాలి. మొదటి వారం తమ్ముడి పక్కన మీరు నడవండి. నాన్నగారు అయిదు నిమిషాలు ముందుగా బయలుదేరి లాకుల దగ్గర కూర్చోవాలి, చేతిలో మజ్జిగ సీసాతో. మీరిద్దరూ చేరాక ముగ్గురూ తాగి, వెనక్కి ముగ్గురూ కలిసి రండి. పరుగు గురించి ఆయన ఒక్క మాట కూడా అనకూడదు. రెండో వారం నుంచి పక్కన నడిచేది ఆయన, లాకుల దగ్గర కూర్చునేది మీరు.